గడ్డ కరిగించే మందు, మెదడులో రక్తస్రావం

గుండె కండరానికి నెత్తురు మోసే ధమనుల్లో ఒకదాంట్లో గడ్డ అడ్డుపడి దారి పూర్తిగా మూసుకుపోతే, ఈసీజీలో ఎస్‌టీ గీత పైకి లేస్తుంది. గుండెపోటుల్లో పెద్దది ఇదే. దారి తెరుచుకునేదాకా కండరం చచ్చిపోతూనే ఉంటుంది కాబట్టి వైద్యమంతా ఆ తెరవడం చుట్టూనే తిరుగుతుంది. క్యాథ్‌ల్యాబ్ ఉన్నచోట బెలూన్‌తో తెరిచి స్టెంట్ వేస్తారు. లేనిచోట, రెండు గంటల్లోపు అలాంటి ఆసుపత్రికి చేర్చి ధమని తెరవడం కుదరనప్పుడు, నరానికి ఇంజెక్షన్ ఇచ్చి గడ్డను కరిగిస్తారు. స్ట్రెప్టోకైనేజ్, ఆల్టెప్లేజ్, రెటెప్లేజ్, టెనెక్టెప్లేజ్ ఈ కోవకు చెందిన మందులు. ఇవి లక్షల ప్రాణాలు నిలబెట్టాయి. అయితే ఇవి తీసుకున్న ప్రతి వెయ్యి మందిలో సుమారు 5 నుంచి 10 మందికి మెదడులో రక్తస్రావం అవుతుంది. అలా అయినవారిలో సగం మందికి పైగా బతకరు. బతికినవారిలో చాలామందికి ఏదో ఒక వైకల్యం మిగులుతుంది. ఈ చికిత్సలో వచ్చే చిక్కుల్లో ఇంత భయపెట్టేది మరొకటి లేదు.

రక్తస్రావం ఎందుకవుతుందో తెలియాలంటే మందు చేసే పని తెలియాలి. రక్తం గడ్డకట్టేటప్పుడు ఫైబ్రిన్ అనే ప్రొటీను పోగులు అల్లుకుని, రక్తకణాలను తమలో బిగించి పట్టుకుంటాయి. ఆ అల్లికను కోయడానికి శరీరంలోనే ప్లాస్మిన్ అనే ఎంజైము ఉంది. మామూలుగా అది ప్లాస్మినోజెన్ అనే నిద్రాణ రూపంలో రక్తంలో తిరుగుతుంటుంది. గడ్డ కరిగించే మందులన్నీ ఈ ప్లాస్మినోజెన్‌ను మేల్కొలుపుతాయి. స్ట్రెప్టోకైనేజ్ విచక్షణ లేకుండా ఒళ్లంతా మేల్కొలుపుతుంది. దాంతో గడ్డతో పాటు రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్ కూడా ఖర్చైపోతుంది. ఆల్టెప్లేజ్, టెనెక్టెప్లేజ్ ఫైబ్రిన్ ఉన్నచోటే ఎక్కువగా పనిచేస్తాయి. అయితే ఏ మందుకూ గుండెలోని చెడ్డ గడ్డకీ, మెదడులో సన్నని రక్తనాళానికి పడిన చిల్లును మూసి ఉంచిన మంచి గడ్డకీ తేడా తెలియదు. వయసు మీద పడేకొద్దీ, బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పి ఉన్నకొద్దీ మెదడులో అలాంటి బలహీనమైన చోట్లు పెరుగుతాయి. వృద్ధుల్లో కొందరికి మెదడు పై పొరల రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ అనే పదార్థం పేరుకుని వాటిని పెళుసుగా చేస్తుంది. బయటికి ఏ లక్షణమూ ఉండదు. ఇంజెక్షన్ పడ్డాకే అది బయటపడుతుంది.

పైగా ఈ మందు ఎప్పుడూ ఒంటరిగా రాదు. కరిగిన గడ్డ మళ్లీ కట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, హెపారిన్ లేదా ఎనాక్సాపరిన్ వెంటే ఇస్తారు. అంటే రక్తం ఆగడానికి శరీరం వాడే మూడు దారులూ, ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే ప్రొటీన్లు, కట్టిన గడ్డ నిలవడం, ఒకేసారి దెబ్బతింటాయి. మెదడులో రక్తస్రావానికి చేసే చికిత్స అంత మెలికలు తిరగడానికి కారణం ఇదే. ఒక్క విరుగుడుతో పని కాదు.

ఈ మందుల చరిత్ర 1933లో అమెరికాలో మొదలైంది. విలియం టిలెట్ అనే వైద్యుడు గొంతునొప్పి కలిగించే స్ట్రెప్టోకోకస్ సూక్ష్మజీవుల్లో కొన్ని రకాలు మనిషి రక్తపు గడ్డను కరిగిస్తున్నాయని గుర్తించాడు. ఆ పదార్థమే తర్వాత స్ట్రెప్టోకైనేజ్ అయింది. గుండెపోటులో దాని విలువ తేలడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1986లో ఇటలీలో జరిగిన జిస్సీ అధ్యయనం 11 వేల మందికి పైగా రోగుల మీద దాన్ని పరీక్షించి మరణాలు 13 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గాయని చూపింది. 1988లో 17,187 మంది మీద జరిగిన ఐసిస్-2 అధ్యయనంలో స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ తీసుకున్నవారిలో ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవారు 8 శాతం. రెండూ తీసుకోనివారిలో 13.2 శాతం.

లాభనష్టాల లెక్కను ఒకచోట చేర్చింది 1994లో వెలువడిన ఉమ్మడి విశ్లేషణ. తొమ్మిది పెద్ద అధ్యయనాలు, 58,600 మంది రోగులు. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు ఇంజెక్షన్ పడితే ఎస్‌టీ గీత లేచిన వెయ్యి మందిలో సుమారు 30 ప్రాణాలు నిలుస్తాయి. దానికి ఎదురుగా వెయ్యికి దాదాపు నాలుగు పక్షవాతాలు అదనంగా వస్తాయి. అవన్నీ దాదాపుగా మొదటి రోజో, రెండో రోజో వచ్చేవే. ఆ నలుగురిలో ఇద్దరు త్వరలోనే చనిపోతారు, ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం మిగులుతుంది, ఒకరు చాలావరకు కోలుకుంటారు. చనిపోయే ఆ ఇద్దరినీ కలుపుకున్న తర్వాతే 30 ప్రాణాల లెక్క వచ్చిందన్నది గమనించాలి. మెదడులో రక్తస్రావం అవుతుందన్న భయంతో అర్హుడైన రోగికి ఇంజెక్షన్ ఎగ్గొట్టడం అందుకే తప్పు. భయం ఉపయోగపడేది ఇంకోచోట: ఎవరికి ఇవ్వకూడదో, ఎంత ఇవ్వాలో తేల్చే దగ్గర, ఇచ్చాక రోగిని కనిపెట్టి ఉండే దగ్గర.

మోతాదు సంగతి అనుభవం మీద తేలింది. అమెరికాలో టిమి-2 అధ్యయనం ఆల్టెప్లేజ్‌ను 150 మిల్లీగ్రాములతో మొదలుపెట్టింది. మెదడులో రక్తస్రావాలు ఎక్కువయ్యేసరికి మధ్యలో 100కి తగ్గించారు. 1993లో 41,021 మందితో పూర్తయిన గస్టో అధ్యయనంలో ఆల్టెప్లేజ్ స్ట్రెప్టోకైనేజ్ కంటే ఎక్కువమందిని బతికించింది. రక్తస్రావపు పక్షవాతం మాత్రం స్ట్రెప్టోకైనేజ్‌తో 0.5 శాతం దగ్గర ఉంటే, ఆల్టెప్లేజ్‌తో 0.72 శాతానికి పెరిగింది. రెండు మందులూ కలిపి ఇచ్చిన జట్టులో 0.94 శాతం. మరుసటి ఏడాది హెపారిన్ మోతాదు పెంచి చూసిన రెండు అధ్యయనాలను, గస్టో-2ఎ, టిమి-9ఎ, మెదడులో రక్తస్రావాలు ఎక్కువయ్యాయని మధ్యలోనే ఆపేశారు. గడ్డ కరిగించే మందును మాత్రమే అనుమానించే అలవాటుకు అది మంచి విరుగుడు. వెంట ఇచ్చే హెపారిన్‌కూ అంతే బాధ్యత ఉంది. 1999లో అసెంట్-2 అధ్యయనం టెనెక్టెప్లేజ్‌ను ఆల్టెప్లేజ్‌తో పోల్చినప్పుడు మెదడులో రక్తస్రావం రెండింటిలోనూ దాదాపు సమానం, 0.93, 0.94 శాతం. అయితే టెనెక్టెప్లేజ్‌ను ఒకే ఒక్క సూదిగా కొన్ని సెకన్లలో ఇచ్చేయవచ్చు. అంబులెన్సుల్లోనూ, చిన్న ఆసుపత్రుల్లోనూ అది చోటు సంపాదించుకున్నది ఆ సౌలభ్యం వల్లే.

ఎవరికి ముప్పు ఎక్కువో 1993లోనే నెదర్లాండ్స్ వైద్యుడు మార్టెన్ సిమూన్స్ బృందం లెక్కగట్టింది. 65 ఏళ్లు దాటిన వయసు, 70 కిలోల కంటే తక్కువ బరువు, ఆసుపత్రికి వచ్చినప్పుడు ఎక్కువగా ఉన్న బీపీ, ఆల్టెప్లేజ్ వాడకం: ఈ నాలుగూ ముప్పును పెంచేవిగా తేలాయి. ఏదీ లేని మనిషికి స్ట్రెప్టోకైనేజ్ ఇస్తే ముప్పు 0.26 శాతం. ఒకటుంటే 0.96, రెండుంటే 1.32, మూడుంటే 2.17 శాతం. ఈ జాబితాలో బరువు దగ్గర తెలుగు నేల మీద ఆగి చూడాలి. యూరప్ లెక్కల్లో 70 కిలోల లోపు మనిషి బక్కపలచని మనిషి. మన జిల్లా ఆసుపత్రికి గుండెనొప్పితో వచ్చే ఆడవాళ్లలో, పొలం పనులు చేసుకునే పెద్దవాళ్లలో 70 కిలోల లోపు ఉండటం చాలా మామూలు. వాళ్లకు ముప్పు లేదనుకోవడానికి వీల్లేదు.

టెనెక్టెప్లేజ్ మోతాదును బరువును బట్టి ఇస్తారు. 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, 60 నుంచి 70 లోపు 35, 70 నుంచి 80 లోపు 40, 80 నుంచి 90 లోపు 45, ఆపైన 50. రోగి స్ట్రెచర్ మీద ఉంటాడు కాబట్టి చాలాచోట్ల బరువును కంటితో అంచనా కట్టేస్తారు. బంధువులు చెప్పిన అంకె రాసుకుంటారు. అది ఏళ్ల కిందటిదై ఉండవచ్చు. 55 కిలోల మనిషిని 70 అనుకుంటే పది మిల్లీగ్రాములు ఎక్కువ పడుతుంది. వృద్ధుల విషయంలో 2013లో వెలువడిన స్ట్రీమ్ అధ్యయనం మరో పాఠం నేర్పింది. 75 దాటినవారిలో మెదడులో రక్తస్రావాలు ఎక్కువగా కనబడటంతో నిర్వాహకులు మధ్యలోనే వారికి టెనెక్టెప్లేజ్‌ను సగానికి తగ్గించారు. ఆ మార్పు తర్వాత రక్తస్రావాలు తగ్గాయి. అదే వయసువారికి క్లోపిడోగ్రెల్ 300 మిల్లీగ్రాములు కాక 75 తోనే మొదలుపెడతారు. ఎనాక్సాపరిన్ మొదటి నరం సూది మానేసి, చర్మం కింద ఇచ్చేదాన్ని కిలోకు 0.75 మిల్లీగ్రాములకు తగ్గిస్తారు.

సూది పడకముందు అడగాల్సిన ప్రశ్నలు ఐదారే. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయిందా? అయితే జీవితాంతం ఈ మందు నిషిద్ధం. ఈ మధ్య, మూడు నుంచి ఆరు నెలల్లో, పక్షవాతం వచ్చిందా? మెదడులో కణితి గానీ రక్తనాళాల లోపం గానీ ఉందని ఎవరైనా చెప్పారా? ఈమధ్య తలకు దెబ్బ తగిలిందా, పెద్ద ఆపరేషన్ ఏమైనా జరిగిందా? రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతున్నారా? నొప్పి వీపులోకి చీల్చుకుపోతున్నట్టు ఉందా? ఈ చివరి ప్రశ్న బృహద్ధమని పొరలు చీలడాన్ని పసిగట్టడానికి. దాన్ని గుండెపోటుగా పొరబడి ఈ మందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. బీపీ 180/110 కంటే ఎక్కువుంటే ముందు దాన్ని దించాలి. ఒక్కసారి కొలిచి కాగితం మీద వేసి వదిలేయకుండా, సూదికి ముందు మళ్లీ కొలవాలి. నొప్పి, భయం తగ్గించడంతోనే చాలామందిలో కొంత దిగుతుంది. ఈ ప్రశ్నలకు పట్టేది రెండు మూడు నిమిషాలు. గుండెపోటు గుర్తించిన పది నిమిషాల్లో సూది పడాలన్న నియమానికి ఇవి అడ్డురావు.

ఇంజెక్షన్ పడ్డాక మెదడులో రక్తస్రావం చాలావరకు మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. లక్షణాలు పుస్తకంలో ఉన్నంత స్పష్టంగా రావు. ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, వాంతి, మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోవడం, ఫిట్స్, పిలిస్తే పలకకపోవడం. తలనొప్పి అన్న మాట రోగి నోట విన్న క్షణం నుంచే అప్రమత్తం కావాలి. ఇక్కడ మోసపోయే అవకాశాలు చాలా ఉన్నాయి. గుండెపోటు రోగికి వాంతి కావడం మామూలే. గుండె కింది గోడ దెబ్బతిన్నప్పుడైతే మరీను. మార్ఫిన్ ఇచ్చి ఉంటే మత్తు మందు వల్లే అనుకుంటారు. నైట్రోగ్లిజరిన్ డ్రిప్పు నడుస్తుంటే తలనొప్పిని దాని ఖాతాలో వేస్తారు, నిజానికి అది తెచ్చే తలనొప్పీ ఉంది. బీపీ పడిపోయి మగతగా ఉన్నాడనుకుంటారు. నాడి నెమ్మదిస్తే గుండెపోటులో నాడి నెమ్మదించడం సహజమేనంటారు. కానీ నాడి నెమ్మదిస్తూ బీపీ పైకి ఎగబాకుతుంటే పుర్రెలో ఒత్తిడి పెరుగుతోందని అర్థం. గుండె బలహీనపడ్డ రోగిలో బీపీ పడిపోవడం ఊహించదగ్గది. కారణం లేకుండా పెరగడం అనుమానించదగ్గది.

అందుకే మానిటర్ మీద గీతలు చూడటం ఒక్కటే చాలదు. ఇంజెక్షన్ తర్వాత మొదటి రెండు గంటలు పావుగంటకోసారి, తర్వాత ఆరు గంటలు అరగంటకోసారి, ఆపైన రోజు గడిచేదాకా గంటకోసారి బీపీతో పాటు స్పృహ, మాట, చేతులు కాళ్ల బలం చూడటం మెదడు గడ్డలకు ఇదే రకం మందు ఇచ్చే స్ట్రోక్ వార్డుల్లో నియమం. గుండె ఐసీయూలు అదే పద్ధతి పాటిస్తే నష్టం లేదు. పేరు చెప్పమనడం, రెండు చేతులూ ఎత్తమనడం, పళ్లు చూపించమనడం, కంటి పాపలు చూడటం: డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు అర నిమిషంలో చేసేయగల పని ఇది. రాత్రి రోగి నిద్రపోతున్నాడు కదా అని లేపకుండా వదిలేయడం ఈ మందు ఇచ్చిన రాత్రి కుదరదు.

అనుమానం వచ్చిన వెంటనే చేయాల్సిన మొదటి పని ఆపడం. గడ్డ కరిగించే మందు డ్రిప్పు నడుస్తుంటే ఆపాలి. హెపారిన్ ఆపాలి. తర్వాతి ఎనాక్సాపరిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మోతాదులు నిలిపేయాలి. స్కాన్‌లో తేలాక ఆపుదామన్న ఆలోచన ప్రమాదకరం. రక్తస్రావం కాదని తేలితే మందులు మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, పోయేది అరగంట. స్పృహ తగ్గుతుంటే గాలిగొట్టం వేసి శ్వాస నిలబెట్టాలి. ఒకే చేతి నరం నుంచి తీసిన రక్తంతో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, ప్రోత్రాంబిన్ సమయం, ఏపీటీటీ, ఫైబ్రినోజెన్ పరీక్షలకు పంపాలి. అదే రక్తంతో గ్రూపు, క్రాస్‌మ్యాచ్ కూడా. ఆ రక్తం సీసాల్లోకి వెళ్లే వేళకే రోగి కాంట్రాస్ట్ లేని సీటీ స్కాన్‌కు కదలాలి. గడ్డ కరిగించే మందు వల్ల అయిన రక్తస్రావం స్కాన్‌లో తనదైన ఆనవాలు చూపిస్తుంది. మామూలు బీపీ రక్తస్రావం ఎక్కువగా మెదడు లోతుల్లో అవుతుంది. ఇది ఎక్కువగా మెదడు పై భాగాల్లో, పెద్దదిగా, కొన్నిసార్లు ఒకటికి మించి చోట్ల కనిపిస్తుంది. రక్తం సరిగా గడ్డకట్టనందువల్ల దానిలో పైన పలుచని ద్రవం, కింద చిక్కని కణాలు తేటగా విడిపోయి ఒక అడ్డగీత ఏర్పడుతుంది. ఆ గీత కనబడితే గడ్డకట్టే వ్యవస్థ ఇంకా పనిచేయడం లేదని స్కానే చెబుతున్నట్టు.

రక్తస్రావం ఖాయమయ్యాక చికిత్సలో కీలకం ఫైబ్రినోజెన్‌ను తిరిగి నింపడం. దానికి వాడేది క్రయోప్రెసిపిటేట్. దాతల ప్లాస్మాను మంచులా ఘనీభవింపజేసి, నెమ్మదిగా కరిగించినప్పుడు అడుగున మిగిలే చిక్కటి పదార్థం అది. ఫైబ్రినోజెన్, ఎనిమిదో, పదమూడో గడ్డకట్టు కారకాలు అందులో కూడుకుని ఉంటాయి. పది యూనిట్లు పది నుంచి ముప్పై నిమిషాల్లో ఎక్కించి, ఫైబ్రినోజెన్ మళ్లీ కొలుస్తారు. డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే మరో విడత ఎక్కిస్తారు. మొదటి ఫలితం కోసం ఆగకుండానే మొదటి విడత ఎక్కించడం మంచిది. ల్యాబ్ రిపోర్టు వచ్చేలోపు మెదడులో గడ్డ పెరిగిపోవచ్చు. టెనెక్టెప్లేజ్ అర గంటలోపే రక్తంలో సగానికి తగ్గిపోతుంది, ఆల్టెప్లేజ్ ఐదారు నిమిషాల్లోనే. స్ట్రెప్టోకైనేజ్ అణగిపోయినా అది తినేసిన ఫైబ్రినోజెన్ మామూలు స్థితికి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కాబట్టి సూది పడి గంటలు గడిచాయి కదా, మందు ప్రభావం పోయి ఉంటుందిలే అనుకోవడం స్ట్రెప్టోకైనేజ్ విషయంలో ముఖ్యంగా పొరపాటు.

క్రయోప్రెసిపిటేట్ దొరకనిచోట ట్రానెక్సామిక్ ఆమ్లం అక్కరకొస్తుంది. ప్లాస్మినోజెన్ ఫైబ్రిన్‌కు అంటుకోకుండా అడ్డుకునే ఈ మందును ఒక గ్రాము పది నిమిషాల్లో నరానికి ఇస్తారు. ప్రసవం తర్వాతి రక్తస్రావానికి, రోడ్డు ప్రమాదాలకు వాడేది కాబట్టి చిన్న ఆసుపత్రిలోనూ ఉంటుంది. దీనివల్ల గుండె ధమనిలో గడ్డ మళ్లీ కట్టే అవకాశం ఉంది. ఆ భయం నిజమే. మెదడులో ప్రాణాంతకంగా రక్తం పోతున్నప్పుడు దాన్ని భరించక తప్పదు. తాజాగా ఘనీభవింపజేసిన ప్లాస్మా అందుబాటులో ఉంటే అదీ ఎక్కిస్తారు. అయితే అందులో ఫైబ్రినోజెన్ పలుచగా ఉంటుంది, కావలసినంత అందాలంటే చాలా ద్రవం ఎక్కించాలి. దెబ్బతిన్న గుండె అంత ద్రవాన్ని తట్టుకోకపోవచ్చు.

హెపారిన్‌కు విరుగుడు ప్రోటమిన్. గత రెండు మూడు గంటల్లో పడిన ప్రతి 100 యూనిట్ల హెపారిన్‌కు ఒక మిల్లీగ్రాము చొప్పున, మొత్తం 50 మించకుండా, నెమ్మదిగా ఇస్తారు. వేగంగా ఇస్తే బీపీ పడిపోతుంది. ఎనాక్సాపరిన్ ఎనిమిది గంటల్లోపు పడి ఉంటే మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము, ఎనిమిది నుంచి పన్నెండు గంటలైతే అందులో సగం. ఎనాక్సాపరిన్‌ను ప్రోటమిన్ పూర్తిగా తుడిచేయలేదు, కొంతవరకే తగ్గిస్తుంది. ప్లేట్‌లెట్ల సంగతి వేరు. పాత మార్గదర్శకాలు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని తుడిచేయడానికి ఆరు నుంచి ఎనిమిది యూనిట్లు ఎక్కించమనేవి. 2016లో పాచ్ అధ్యయనం, ఆస్పిరిన్ వంటి మందులు వాడుతూ దానంతట అదే మెదడులో రక్తస్రావమైనవారికి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే మేలు కాక కీడు జరిగిందని చూపింది. వాళ్లు గుండెకు గడ్డ కరిగించే మందు తీసుకున్నవారు కారు. అయినా అప్పటినుంచి ప్లేట్‌లెట్లను ఆపరేషన్‌కు వెళ్లే రోగులకు, లేదా ప్లేట్‌లెట్ల సంఖ్య నిజంగా తక్కువగా ఉన్నవారికి దాచడం వివేకమనిపించుకుంటోంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చికిత్స మీద పెద్ద పరిమితి మందుది కాదు, చోటుది. గడ్డ కరిగించే సూది ఇప్పుడు ఏరియా ఆసుపత్రి స్థాయిదాకా దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో టెనెక్టెప్లేజ్‌ను ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. చిన్న ఆసుపత్రి ఈసీజీని పెద్ద ఆసుపత్రి నిపుణుడికి పంపి, ఆయన సలహాతో సూది ఇచ్చి, తర్వాత రోగిని అక్కడికి తరలించే హబ్, స్పోక్ పద్ధతి ప్రాణాలు కాపాడుతోంది. ఆసుపత్రికి ఆలస్యంగా చేరడం దేశమంతటా ఉన్న జబ్బే. 2008లో వెలువడిన క్రియేట్ అధ్యయనంలో ఇలాంటి గుండెపోటు వచ్చినవారు ఆసుపత్రి చేరడానికి సగటున ఐదు గంటలు పట్టింది. అప్పట్లో గడ్డ కరిగించే మందు పొందినవారిలో నూటికి 96 మందికి ఇచ్చింది స్ట్రెప్టోకైనేజే. కాబట్టి సూదిని దగ్గరికి తేవడం సరైన పనే. కానీ సూది ఉన్న ప్రతిచోటా సీటీ స్కానూ, న్యూరోసర్జనూ, రక్తాన్ని భాగాలుగా విడదీసే బ్లడ్ బ్యాంకూ ఉండవు. రక్తస్రావం అనుమానించిన చిన్న ఆసుపత్రి మందులు ఆపి, ఉన్న ప్రోటమిన్, ట్రానెక్సామిక్ ఆమ్లం ఇచ్చి, 108లో రోగిని కదిలిస్తూనే చేరబోయే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌లో చెప్పాల్సినవి: ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని గంటలకు పడింది, హెపారిన్ చివరిసారి ఎప్పుడు, రోగి బ్లడ్ గ్రూపు. క్రయోప్రెసిపిటేట్ ఘనీభవించిన స్థితిలో నిల్వ ఉంటుంది, కరిగించి సిద్ధం చేయడానికి సమయం పడుతుంది. అంబులెన్సు దారిలో ఉండగానే ఆ పని మొదలైతే రోగి వచ్చేసరికి సంచులు చేతికందుతాయి. రిఫరల్ కాగితం మీద వట్టి ‘థ్రాంబోలైజ్డ్’ అని రాసి పంపడం అవతలివాళ్లకు ఏమీ చెప్పనట్టే.

ఐసీయూలో మిగతా చికిత్స మెదడు రక్తస్రావానికి మామూలుగా చేసేదే, గుండె షరతులకు లోబడి. పై బీపీని 140 దగ్గరికి దించి 130, 150 మధ్య నిలపాలన్నది నేటి సాధారణ లక్ష్యం. ఇంకా కిందికి దించితే లాభం లేదని, కిడ్నీలకు కీడని 2016లో అటాక్-2 అధ్యయనం చూపింది. గుండెపోటు రోగిలో ఈ హెచ్చరికకు ఇంకో కారణం ఉంది. బీపీ మరీ దిగితే సన్నబడ్డ గుండె ధమనుల్లోకి రక్తం చేరదు. లబెటలాల్ గుండెకూ మెదడుకూ పనికొచ్చే మందు. కానీ నాడి నెమ్మదించి ఉంటే, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉంటే కుదరదు. అప్పుడు నికార్డిపిన్ వైపు చూస్తారు. తలవైపు 30 డిగ్రీలు ఎత్తుగా ఉంచడం, జ్వరం తగ్గించడం, చక్కెర మరీ ఎక్కువా తక్కువా కాకుండా చూడటం, ఫిట్స్ వస్తే మందు ఇవ్వడం. ఫిట్స్ రాకుండా ముందే ఇవ్వడం వల్ల ఉపయోగం కనబడలేదు. స్టెరాయిడ్లకు ఇక్కడ పనిలేదు. పుర్రెలో ఒత్తిడికి మానిటాల్ ఇచ్చేముందు గుండె పరిస్థితి చూసుకోవాలి. అది మొదట రక్తనాళాల్లోకి నీటిని లాగుతుంది, బలహీనమైన గుండెకు ఆ భారం పడుతుంది.

ఆపరేషన్ ఎవరికి అన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. చిన్నమెదడులో పెద్ద రక్తస్రావమై స్పృహ తగ్గుతుంటే వెంటనే తీయాలి, అందులో వాదన లేదు. మెదడు గదుల్లోకి రక్తం చేరి నీరు నిలిచిపోతే గొట్టం వేసి బయటికి తీస్తారు. మిగతావాటి విషయంలో 2005లో స్టిచ్ అధ్యయనం తొందరగా ఆపరేషన్ చేయడం వల్ల మొత్తం మీద మేలు లేదంది. 2024లో వెలువడిన ఎన్‌రిచ్ అధ్యయనం మాత్రం మెదడు పై భాగాల రక్తస్రావాల్లో సన్నని దారి గుండా గడ్డను తీసే పద్ధతి మేలు చేసిందని చూపింది. గస్టోలో మెదడు రక్తస్రావమైన 268 మందిలో 46 మందికి ఆపరేషన్ జరిగింది. వారిలో నెలరోజులకు బతికి ఉన్నవారు 65 శాతం, ఆపరేషన్ కానివారిలో 35 శాతం. ఈ తేడాను చూసి పొంగిపోకూడదు. బతికే ఆశ ఉన్నవారినే సర్జన్లు టేబుల్ మీదికి తీసుకుని ఉంటారు. ఏ ఆపరేషనైనా ఫైబ్రినోజెన్ నిండాకే. లేకపోతే తీసినచోటే మళ్లీ రక్తం ఊరుతుంది.

ఈలోగా గుండె ఊరుకోదు. గడ్డ కరిగి ధమని తెరుచుకుని, నొప్పి తగ్గి, ఈసీజీ గీత దిగి ఉంటే అది అదృష్టం. గుండెను కొన్నాళ్లు మందులతో కనిపెట్టి ఉండవచ్చు. ధమని మూసుకునే ఉంటే, లేదా విరుగుడులు ఇచ్చాక మళ్లీ మూసుకుంటే, చిక్కు ముడిపడుతుంది. యాంజియోప్లాస్టీకి హెపారిన్ కావాలి. స్టెంట్ వేస్తే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కావాలి. మెదడుకు ఈ మూడూ పడవు. రోగి షాక్‌లోకి జారుతుంటే తప్ప సాధారణంగా క్యాథ్‌ల్యాబ్ జోలికి వెళ్లరు. తప్పనప్పుడు గడ్డను పీల్చేయడం, ఒట్టి బెలూన్‌తో తెరవడం వంటి స్టెంట్ లేని మార్గాలు ఎంచుకుంటారు. స్టెంట్ ముందే పడి ఉన్న రోగిలో మందులన్నీ ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. అక్కడ కార్డియాలజిస్టు, న్యూరోసర్జన్, ఐసీయూ వైద్యుడు ఒకే మంచం దగ్గర నిలబడి మాట్లాడుకోవాల్సిందే. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కేస్‌షీట్‌లో ఒకరికొకరు ఎదురయ్యే సలహాలు రాసి వెళితే నలిగేది రోగి.

బంధువులతో మాట్లాడటమూ చికిత్సలో భాగమే. గుండెకు సూది వేస్తే తలలో రక్తం కారడమేమిటని వారు నిలదీస్తారు. సూదికి ముందే, నూటికి ఒకరి లోపు ఈ ప్రమాదం ఉందని, ఇవ్వకపోతే ప్రాణానికి ముప్పు అంతకంటే ఎక్కువని తెలుగులో, వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పి ఉంటే ఆ సంభాషణ వేరుగా సాగుతుంది. మొదటి రోజు స్కాన్ చూసి ఆశ వదిలేసుకోమని చెప్పడం కూడా తొందరపాటే. గడ్డ పెరుగుతోందా ఆగిందా అన్నది తెలియడానికి 24 గంటలకు మళ్లీ స్కాన్ తీస్తారు. మెదడు కోలుకునే తీరు తెలియడానికి రోజులు పడుతుంది.

రక్తస్రావం ఆగిందని రెండో స్కాన్ చెప్పాక ముందుగా ఆలోచించేది కాళ్ల సిరల్లో గడ్డల గురించి. మొదటి రోజు నుంచీ గాలితో ఒత్తే తొడుగులు వాడి, ఒకటి రెండు రోజులు గడిచాక చిన్న మోతాదు హెపారిన్ మొదలుపెడతారు. ఆస్పిరిన్ లాంటిది ఒక్కదాన్ని ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలన్నది ఒక్కో రోగికీ ఒక్కో రకం. స్టెంట్ ఉంటే తొందర ఎక్కువ, రోజుల్లోనే. లేకపోతే వారాలు ఆగవచ్చు. 2019లో రీస్టార్ట్ అధ్యయనం 537 మందిలో, మెదడులో రక్తస్రావమై కోలుకున్నాక ఇలాంటి మందులు మళ్లీ మొదలుపెట్టడం వల్ల రక్తస్రావం తిరగబెట్టడం పెరగలేదని చూపింది. వాళ్లు మందు మొదలుపెట్టింది చాలావరకు రెండు నెలలు దాటాక. రెండు మందుల జోడీకి, లేదా అమిలాయిడ్ అనుమానం ఉన్నవారికి ఆ ధైర్యం వర్తించదు. ఫిజియోథెరపీ, మాట చికిత్స మంచం మీద ఉండగానే మొదలవుతాయి. అయితే గుండెపోటు తగిలిన తొలి రోజుల్లో ఎంత కదిలించవచ్చో కార్డియాలజిస్టు చెప్పాలి. ఇంటికి వెళ్లాక బీపీ 130/80 లోపు ఉంచడమే రెండో రక్తస్రావాన్ని ఆపే అన్నిటికంటే గట్టి ఉపాయం.

డిశ్చార్జి కాగితంలో ఇచ్చిన మందు పేరు, మోతాదు, తేదీ, మెదడులో రక్తస్రావం ఎక్కడ అయిందీ స్పష్టంగా ఉండాలి. ఇకముందు ఏ కారణం చేతా గడ్డ కరిగించే మందు ఇవ్వకూడదన్న వాక్యం పెద్ద అక్షరాల్లో రాయాలి. గుండెకే కాదు, మెదడు గడ్డకీ, ఊపిరితిత్తుల గడ్డకీ ఈ నిషేధం వర్తిస్తుంది. మళ్లీ ఛాతీ నొప్పి వస్తే రోగిని క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి. ఆ ఆసుపత్రి ఏదో, ఇంటి నుంచి ఎంత దూరమో డిశ్చార్జి రోజునే కుటుంబం తెలుసుకుని, కాగితం నకలు ఒకటి రోగి జేబులో, ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. రెండోసారి నొప్పి వచ్చేసరికి ఆ కేస్‌షీట్ వేరే ఊళ్లో ఉంటుంది, రాత్రి డ్యూటీ డాక్టరు చేతిలో ఈసీజీ మాత్రమే ఉంటుంది.